మా ఆయన బర్త్ సర్టిఫికెట్

మా ఆయన ఏ రోజు పుట్టారో ఖచ్చితంగా చెప్పగల మనిషి ఇప్పుడెవరూ బతికి లేరు. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో, ఇంట్లోనే పుట్టారు. అప్పుడు వానలు పడుతున్నాయని, ఆ వారంలోనే గేదె ఈనిందని మా అత్తగారు చెప్పేవారు. అంతకు మించి ఆధారం లేదు. బళ్ళో చేర్చిన రోజు హెడ్మాస్టరుగారు తనకి తోచిన తేదీ రాసేశారు, జూలై ఒకటి అని. తర్వాత తమ్ముణ్ణి చేర్చినప్పుడు ఆయనకి ఇంకో తేదీ తోచింది. దాంతో కాగితాల ప్రకారం ఈ అన్నదమ్ములిద్దరూ ఏడు నెలల తేడాతో పుట్టారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా అమ్మాయికి పదేళ్లు. "పూర్ నానమ్మ" అంది.

గ్రీన్‌కార్డు రోజుల్లో దీనికో దారి ఉండేది. పుట్టినట్టు రికార్డు లేదని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం ఒకటి, పుట్టుక మాకు తెలుసని ఇద్దరు పెద్దవాళ్లు సంతకం పెట్టిన అఫిడవిట్లు రెండు. మా తరంలో చాలామంది అలాగే గట్టెక్కారు. కానీ రిటైరయ్యాక కోస్టారికా వెళ్ళి ఉండిపోదామని మేం అనుకున్నప్పుడు, అక్కడి లాయరమ్మ అవి చెల్లవంది. అసలు బర్త్ సర్టిఫికెట్టే కావాలి, దాని మీద, వేరే దేశంలో చెల్లేలా మన విదేశాంగశాఖవాళ్లు వేసే అపోస్టీల్ ముద్ర కావాలి. ఆ ఒక్క కాగితం కోసం నేను రెండేళ్లు ఎదురుచూశాను.

మేం మోరిస్‌విల్‌లో ఉంటాం. అరవై రెండో ఏట మా ఆయన టీమ్ మొత్తాన్ని కంపెనీ తీసేసింది. ఇంక చాలు, నేను వెతకను అన్నారు. నాకు అప్పుడు అరవై. రీసెర్చ్ పార్క్‌లో మందులు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో పని నాది. గ్లవ్స్ వేసుకుని, బెంచి ముందు నిలబడి, రోజంతా శాంపిల్స్ పరీక్ష చేయాలి. కూర్చుని చేసే పని కాదు. డాక్టర్ నా ఎక్స్‌రే చూసి, రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిపోయింది, పని మార్చుకోవడం కుదురుతుందా అని అడిగాడు. కుదరదు. ఈ దేశంలో అరవై అయిదు నిండేదాకా ప్రభుత్వ వైద్యబీమా రాదు. అప్పటిదాకా ఇంట్లో ఒకరికి ఉద్యోగమైనా ఉండాలి, లేదా బీమా కొనుక్కోవాలి. కొనుక్కుంటే ఎంతవుతుందో వింటే ఉన్న జబ్బు కాస్తా మర్చిపోతాం. అంచేత మా ఇద్దరి బీమా నా ఉద్యోగం మీద నడుస్తోంది. నేను ల్యాబ్‌లో నిలబడితేనే ఇంట్లో ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్ళగలం.

అలాంటి సమయంలో కోస్టారికా మాట వచ్చింది. పెన్షన్ వచ్చేవాళ్లని ఆ దేశం రానిస్తుంది, నెలనెలా కొంత కట్టించుకుని వైద్యం చూసుకుంటుంది. అద్దె, కూరగాయలు, మనిషి సాయం అన్నీ ఇక్కడికంటే చవక. చూసొద్దామని జనవరిలో రెండు వారాలు వెళ్ళాం. కొండమీద చిన్న ఊరు, ముందు వరండా ఉన్న పెంకుటిల్లు. పొద్దున పూట ఎండ, మధ్యాహ్నం ఓ జల్లు. మార్కెట్‌లో బెంగళూరు వంకాయలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. వాటితో పప్పు వండి, పక్కింటావిడకి కూడా ఒక గిన్నె ఇచ్చాను. ఆవిడ మర్నాడు ఆ గిన్నె నిండా బొప్పాయి ముక్కలు కోసి తెచ్చింది. నేను ఆ వరండాలో కుర్చీ వేసుకుని పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా ఊరికే కూర్చున్నాను. అలా కూర్చుని ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. ఏడుపొచ్చింది, సిగ్గుపడి లోపలికి పోయాను.

ఈ మాట గట్టిగా రాయాలి: "ఇక్కడే ఉండిపోదామే" అన్నది మా ఆయన. నేను కాదు. బొప్పాయి ముక్క నోట్లో పెట్టుకుని, వరండా మెట్టు మీద కూర్చుని ఆయనే అన్నారు. "నువ్వు జాబ్ మానెయ్. నా సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మీద అప్లై చేద్దాం. నువ్వు స్పౌజ్‌గా వచ్చేస్తావు" అన్నారు.

నేను నమ్మాను. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్లు అయిన మనిషి మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతాం.

తిరిగొచ్చిన నెలలోనే నా కాగితాలు సిద్ధం చేసుకున్నాను. నేను గుంటూరు పెద్దాసుపత్రిలో పుట్టాను, రికార్డుంది, పెద్ద కష్టం కాలేదు. మంగళవారం సాయంత్రాలు లైబ్రరీలో స్పానిష్ క్లాసులో చేరాను. వేలిముద్రలిచ్చి పోలీసు క్లియరెన్స్ తెప్పించుకున్నాను. అది ఆర్నెల్లే చెల్లుతుంది. మా ఆయన కాగితం మాత్రం రాలేదు.

దానికి తెనాలిలో మా మరిది తిరగాలి. ఇన్నేళ్ల తర్వాత పుట్టుక నమోదు చేయాలంటే ఆర్డీవో ఆర్డరు కావాలట. "తమ్ముడు తిరుగుతున్నాడు" అన్నారు మా ఆయన. నెల తర్వాత, క్లర్కు ట్రాన్స్‌ఫర్ అయ్యాడట. ఇంకో నెలకి, ఎలక్షన్ డ్యూటీలట. తర్వాత దసరా సెలవులు. తర్వాత మీసేవలో సర్వర్ డౌన్. నేను ప్రతిసారీ గంగిరెద్దులా తలూపాను. మన ఆఫీసుల సంగతి తెలిసినదాన్నే కదా, ఏది చెప్పినా నిజమే అనిపించేది. ఆ కనబడని క్లర్కుని ల్యాబ్‌లో బెంచి ముందు నిలబడి ఎన్ని తిట్లు తిట్టానో.

క్లర్కుని తిట్టి ఊరుకున్నానా, మా మరిదిని కూడా మనసులో పెట్టుకున్నాను. చిన్నప్పటినుంచీ అన్న బట్టలు, అన్న సైకిలు, ఆఖరికి అన్న పంపిన డబ్బుతో పెట్టిన షాపు. ఆ అన్నకి ఒక్క కాగితం తెచ్చిపెట్టడానికి చేతకాదా అని. మొహమాటం లేకుండా అడిగేద్దామనుకుంటే మా ఆయన అడగనివ్వలేదు. "వాడితో ఆ టాపిక్ ఎత్తకు. అసలే షుగరు, బీపీ. చేతకానివాణ్ణన్నట్టు ఫీలవుతాడు" అన్నారు. సరే అని నోరు కట్టేసుకున్నాను. నోరు కట్టేసుకోవడం నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకి తెలుసు. మరిది ఫోన్ చేస్తే "ఇదిగో మీ అన్నయ్య" అని అందించేసేదాన్ని. వాళ్ల అబ్బాయి నిశ్చితార్థం ఫొటోలు పంపితే ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

ఈలోగా నా పోలీసు క్లియరెన్స్ గడువు దాటిపోయింది. మళ్ళీ వేలిముద్రలకి వెళ్ళాను. ఈసారి పడలేదు. ఆ షాపులో కుర్రవాడు నా వేళ్లు అద్దం మీద అటూ ఇటూ నొక్కి చూసి, ఏం పని చేస్తావు నువ్వు అని అడిగాడు. ఏళ్ల తరబడి గ్లవ్స్, ఆల్కహాల్, సబ్బు. గీతలు అరిగిపోయాయి. వారం రోజులు నీళ్లలో చేతులు పెట్టకుండా లోషన్ రాసుకుని రమ్మన్నాడు.

ఆ వారం మా ఆయన గిన్నెలు తోమారు. మా ఇంట్లో డిష్‌వాషర్ ఉంది గానీ, మనవాళ్లందరి ఇళ్లలోలాగే అది గిన్నెలు ఆరబెట్టుకునే అలమార. ఏడు రోజులూ ఆయనే తోమారు, నా చేతికి లోషన్ రాశారు, ఒక్కో వేలూ పట్టుకుని. "ఈసారి పడతాయిలే" అన్నారు. పడ్డాయి. ఇంత మంచి మనిషిని చేసుకున్నానని ఆ రోజు స్పానిష్ క్లాసులో పక్కనావిడతో కూడా చెప్పాను.

రెండో నవంబరు వచ్చింది. మా కంపెనీలో ఏటా నవంబరులో వచ్చే ఏడాదికి బీమా ఎంచుకోవాలి. ఆ ఫారం కంప్యూటర్ మీద తెరిచి, మా ఇద్దరి పేర్లూ మళ్ళీ చూసేసరికి నా వల్ల కాలేదు. అంటే ఇంకో ఏడాది నిలబడాలి. మర్నాడు పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కారాపి, దిగకుండానే మా మరిదికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. నేనే టికెట్ బుక్ చేసుకుని వచ్చేస్తాను, ఆ ఆర్డీవో ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను అని చెప్పడానికి. మరిదిని నొప్పించకుండా ఎలా మొదలెట్టాలో దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను.

"ఏమయ్యా, బాగున్నావా? మీ అన్నయ్య బర్త్ సర్టిఫికెట్ సంగతే. నీ తప్పని అనట్లేదు. ఏ ఆఫీసులో ఆగిందో చెప్తే నేనొచ్చి చూసుకుంటాను" అన్నాను.



"అదేంటి వదినా, అది పంపి ఏడాదిన్నర దాటిందిగా. నేనే హైదరాబాద్ వెళ్ళి స్టాంప్ కూడా వేయించా. కొరియర్‌లో పెట్టా, గోంగూర పచ్చడి, కందిపొడితో పాటు. అన్నయ్య అందిందని చెప్పాడే."

గోంగూర పచ్చడి నాకు గుర్తుంది. గ్యారేజీలో పార్శిల్ విప్పి, పచ్చడి సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని లోపలికొచ్చారు మా ఆయన. నెల రోజులు తిన్నాను ఆ పచ్చడి. తింటూ, "కాగితం పంపడానికి తీరిక లేదు గానీ పచ్చళ్లకి మాత్రం తీరికుంది" అన్నాను కూడా. మా ఆయన ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటూ, "పోనీలే, వాడికి తెలిసింది వాడు చేస్తాడు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. తప్పు తను చేసి, తమ్ముడి మీదకి తోసి, పైగా క్షమించేశారు.

మరిదికి ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. లోపలికి వెళ్ళి ఆ రోజు పని చేశాను. ఎందుకు చేశానో తెలియదు, అలవాటు. కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా లెక్క తెలుస్తూనే ఉంది. ఈ ఏడాదిన్నరలో నేను నిలబడ్డ ప్రతి రోజూ, ఇంట్లో ఒక కాగితం పడుంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆయన టీ పెడుతున్నారు. నేను చెప్పులైనా విప్పలేదు.

"ఏవండీ, ఆ కాగితం ఎక్కడ పెట్టారు?"

ఏ కాగితం అని ఆయన అడగలేదు. స్టవ్ ఆపి, పైకెళ్ళి, మా అమ్మాయి స్కూలు సర్టిఫికెట్ల డబ్బాలోంచి ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు. మడత కూడా పడలేదు. జూలై ఒకటి. వెనక అపోస్టీల్ ముద్ర. మా మరిది దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, తడవకుండా చుట్టూ టేపు వేశాడు. ఆ టేపు కత్తెరతో నీటుగా కత్తిరించి ఉంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత అన్నారు, "నాకు అక్కడికి వెళ్లాలని లేదు."

"మరి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"అంత సంతోషంగా ఉన్నావు. ఎలా చెప్పను? నాకు లాంగ్వేజ్ రాదు. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. ఇక్కడ శనివారం క్యారమ్స్‌కి వెళ్తే పదిమంది పలకరిస్తారు. అల్ఫారెట్టా వెళ్లి అమ్మాయిని చూడాలంటే ఒక్క పూట డ్రైవ్. అక్కడ ఒకరోజు కింద పడితే ఎవరికి ఫోన్ చేస్తాను?"

అవన్నీ న్యాయమైన మాటలే. చూసొచ్చిన నెలలో చెప్పి ఉంటే దెబ్బలాడేదాన్ని, నాలుగు రోజులు అన్నం మానేదాన్ని, తర్వాత ఇద్దరం కూర్చుని ఇంకో దారి వెతికేవాళ్లం. నా పని తగ్గించుకునే దారి ఏదో ఒకటి దొరికేది. నాకు కోపం వెళ్లనన్నందుకు కాదు. నా చెవిలో పువ్వు పెట్టినందుకు.

"మరి ఎన్నాళ్లు దాస్తారు? ఎప్పటికైనా తెలియదా?"

అప్పుడు అన్నారు. గొంతులో మోసం ఏమీ లేదు, ఉన్న మాట చెబుతున్నట్టే అన్నారు. "నువ్వు మర్చిపోతావనుకున్నా. నా జాబ్ కోసం న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడూ ఇలాగే బాధపడ్డావు. పీహెచ్‌డీ సీటు వదిలేసినప్పుడు నెల ఏడ్చావు. తర్వాత మర్చిపోయావుగా."

తల కొట్టేసినట్టయింది. నేను ఏదీ మర్చిపోలేదు. చెప్పడం మానేశాను, అంతే. ఇన్నేళ్లుగా నేను చెప్పడం మానేసిన ప్రతిదాన్నీ ఆయన నేను మర్చిపోయిన వాటిలో వేసుకున్నారు.

"నా మోకాళ్లు తెలుసు కదా మీకు. ఎక్స్‌రే మీరూ చూశారు. రోజూ పొద్దున నేను మెట్లు ఎలా దిగుతానో చూస్తున్నారు" అన్నాను.

"నీకు ల్యాబ్ అంటే ఇష్టమనుకున్నా" అన్నారు.

ఆ తర్వాత ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడితే ఏం అనేస్తానో అని భయం వేసింది. గిన్నెలు తోమిన ఆ వారమే పదేపదే గుర్తొచ్చింది. పైన డబ్బాలో కాగితం పెట్టుకుని, కింద నా వేళ్లకి లోషన్ రాశారు. ఏ పోలీసు కాగితం కోసం రాశారో, అది ఎందుకూ పనికిరాదని ఆయనకి తెలుసు. అది నాటకమైతే తిట్టి వదిలేసేదాన్ని. ఆయన నిజంగానే జాలితో రాశారు. అదే నాకు మింగుడు పడలేదు.

మర్నాడు మా అమ్మాయికి ఫోన్ చేశాను. అదైనా నావైపు ఉంటుందని.

"అమ్మా, డాడ్‌కి అక్కడికి వెళ్లడం ఇష్టం లేదు. నాకు లాస్ట్ సమ్మరే చెప్పాడు" అంది.

"నీకు తెలుసా?"

"తెలుసు. నువ్వు స్పానిష్ నేర్చుకుంటున్నావ్, హ్యాపీగా ఉన్నావ్. కొన్నాళ్లు హ్యాపీగా ఉండనీ అన్నాడు. ఐ థాట్ ఇట్ వాజ్ స్వీట్."

స్వీటట. దానికి ఫోన్లో నేను కొత్తగా నేర్చుకున్న స్పానిష్ వాక్యాలు అప్పచెప్పేదాన్ని. బాగుంది బాగుంది అనేది. పిల్లల బొమ్మలాటలో పెద్దవాళ్లు ఉత్తుత్తి టీ తాగినట్టు, తండ్రీ కూతురూ కలిసి నా టీ తాగుతూ వచ్చారు. నాకు అరవై రెండేళ్లు, నేనేం పసిపిల్లనా అని అడిగాను. అది ఏడ్చింది. ఏడిస్తే ఓదార్చడం కూడా నా పనే అయింది.

మా మరిదికి మాత్రం మళ్ళీ ఫోన్ చేసి, ఇన్నాళ్లూ ముభావంగా ఉన్నందుకు ఏమనుకోవద్దన్నాను. కారణం చెప్పలేదు. "ఊరుకోండి వదినా, మీరు డ్యూటీలో బిజీ అనుకున్నాం" అన్నాడు. ఆ మాటకి నాకు ఇంకా సిగ్గేసింది.

అరవై రెండు అన్నానుగా. ఆ ఆగస్టులోనే నిండాయి. అంటే నా సొంత సోషల్ సెక్యూరిటీ తీసుకోవచ్చు. అరవై అయిదు దాకా ఆగితే ఎక్కువొస్తుంది, కానీ ఆ దేశం అడిగేదానికి ఇప్పుడొచ్చేది చాలు. ఇన్నాళ్లూ ఆయన పెన్షన్ మీద, ఆయన భార్యగా వెళ్లాలనే చూశాను తప్ప నా పేరు మీద వెళ్లొచ్చన్నది నాకు తట్టనేలేదు. లాయరమ్మకి రాశాను. నా కాగితాలు కొన్ని మళ్ళీ కొత్తవి తీసుకుంటే చాలంది. మూడోసారి వేలిముద్రలకి వెళ్లాను. ఈసారి గిన్నెలు సింక్‌లో పడేసి, వారం రోజులు పేపర్ ప్లేట్లలో తిన్నాను.

ల్యాబ్‌లో నోటీసిచ్చాను. బీమా ఫారంలో ఏమీ ఎంచుకోలేదు. ఆయనకి అరవై అయిదు నిండడానికి ఇంకా నెలలున్నాయి, అప్పటిదాకా బీమా ఎవరు కొనాలో ఆయనే చూసుకోవాలి. ఈ మాట చెప్పినప్పుడు ఆయన మొహం చూసి నాకు జాలేసింది. జాలేసినా మాట మార్చలేదు.

పోయిన శనివారం మధ్యాహ్నం లాయరమ్మ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అప్లికేషన్ ఒకరికా, ఇద్దరికా, సోమవారంలోగా చెప్పమని. నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదువుతున్నాను. ఆయన క్యారమ్స్‌కి వెళ్లలేదు. వచ్చి నా కుర్చీ వెనక నిలబడి ఆ మెయిల్ చదివారు.

"నేనూ వస్తాను" అన్నారు.

నేను వెనక్కి తిరగలేదు.

"నిజంగానే. నా సర్టిఫికెట్ తీసి ఏడాదిన్నర దాటింది కదా, అది చెల్లదట, కొత్త కాపీ కావాలట. తమ్ముడికి చెప్పాను. వాడు తిరుగుతున్నాడు" అన్నారు.

రెండేళ్లు నెలనెలా నేను విన్న మాటే అది, అక్షరం మారలేదు. గొంతు కూడా అదే, నెమ్మదిగా, నమ్మకంగా. ఈసారి నిజమే అయ్యుండొచ్చు. నిజమైనా అబద్ధమైనా ఆయన నోట్లో ఒకేలా ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు. మా మరిదికి ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ ఇక మీదట మా ఆయన మాట్లాడే ప్రతి మాటకీ ఇంకొకళ్లకి ఫోన్ చేసి కనుక్కోవాలంటే, అది కాపురం కాదు.

ఒకరికే అని రాసి మెయిల్ పంపేశాను. ఆయన ఇంకా నా వెనకే నిలబడి ఉన్నారు.